ధర ముద్ర, చిరునామా, దుకాణం స్టిక్కర్: బరంపురం యాక్షన్ ఫిగర్ కార్డుల ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివర

పని ఏమిటో ముందే చెప్పేస్తాను. 1980ల చివరి నుంచి 2000ల మొదటి దాకా మన దేశంలో అమ్ముడైన యాక్షన్ ఫిగర్లలో, అంటే సినిమా, కార్టూన్ వీరుల చిన్న ప్లాస్టిక్ బొమ్మల్లో, సీలు విప్పకుండా మిగిలినవి ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, ఇచ్ఛాపురం వైపు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుకుతున్నాను. దొరికినవాటి కార్డులు కొలిచి, స్కాన్ తీసి, విదేశీ కార్డుల వివరాల పక్కన పెట్టి తేడాలు రాస్తున్నాను. కార్డు అంటే బొమ్మ వెనక ఉండే అట్ట, దాని మీద అతికించిన పారదర్శక ప్లాస్టిక్ బబుల్, రెండూ కలిపి. బొమ్మ మీద కన్నా నాకు ఈ అట్ట మీదే మక్కువ ఎక్కువ.

ఎందుకంటే విదేశీ కార్డుల గురించి ఇప్పటికే బోలెడంత తెలుసు. కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ బొమ్మలనే తీసుకోండి. 1978లో వచ్చిన మొదటి కార్డుల వెనక 12 బొమ్మల ఫొటోలు ఉండేవి కాబట్టి వాటిని 12-బ్యాక్ అంటారు. తర్వాత 20, 21, 31, 41 అంటూ పెరుగుతూ 1985 నాటి చివరి వరసకు 92-బ్యాక్ దాకా వెళ్లింది. వెనక ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెడితే కార్డు ఏ కాలానిదో చెప్పేయొచ్చు. అదే బొమ్మ బ్రిటన్‌లో పాలిటాయ్ పేరుతో, ఫ్రాన్సులో మెకానో పేరుతో, ఇటలీలో హార్బర్ట్ పేరుతో, మెక్సికోలో లిలీ లేడీ పేరుతో, జపాన్‌లో టకారా పేరుతో వచ్చింది. యూరప్ అంతటికీ ఒకే కార్డుతో సరిపెట్టాలని ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ మూడు భాషల్లోనూ సినిమా పేరు ముద్రించిన ట్రై-లోగో కార్డులు వచ్చాయి. కెనడాలో ప్యాకెట్ మీద ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ ఉండాలని చట్టమే ఉంది కాబట్టి అక్కడి కార్డులన్నీ రెండు భాషలవే. ఈ తేడాలన్నిటి మీదా పుస్తకాలే రాశారు, ఫొటోలతో సహా.

మన కార్డుల దగ్గరికి వచ్చేసరికి "ఇండియన్ వేరియంట్" అని ఒక్క ముక్క రాసి పక్కకు జరిగిపోతారు. ఇక్కడ హీ-మ్యాన్ బొమ్మలను లియో మాట్టెల్ తెచ్చింది. జి.ఐ. జో అనే సైనికుల బొమ్మలను ఎంఆర్ఎఫ్, అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిన ఫన్‌స్కూల్ తెచ్చింది. బొమ్మలు పోసే అచ్చులు హాస్‌బ్రోవే. రంగులు మాత్రం చాలాచోట్ల వేరు. అమెరికాలో ఆకుపచ్చ దుస్తుల్లో వచ్చిన సైనికుడు ఇక్కడ ఇంకో రంగులో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2000ల మొదట్లో ఈ కార్డులు పెట్టెలకు పెట్టెలు అమెరికా వెళ్లాయి, అక్కడి కలెక్టర్లు ఎగబడి కొన్నారు. కొన్నారు గానీ, ఇక్కడ ఏ ఊళ్లో ఎప్పుడు ఎంతకు అమ్మారన్నది ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఆ పని ఇక్కడివాళ్లమే చెయ్యాలి.

మే నెల

పెద్దబజారులో మూతపడ్డ ఫ్యాన్సీ షాపు ఒకటుంది. ఆ బాబాయి పోయాక సరుకంతా ఇంటి అటక మీదికి చేరింది. వాళ్ల కోడలు నాకు వరసకు వదిన. "అటక దులుపుతున్నాం, బొమ్మల అట్టపెట్టెలు ఉన్నాయి, వచ్చి చూసుకో" అని కబురు పెట్టింది. వెళ్లేసరికి రెండు పెట్టెలు కిందికి దించి ఉన్నాయి. ఒకదాని అడుగున నీళ్ల గీత కనిపిస్తోంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి పెంకులు లేచిపోయి అటక తడిసిందట. కింది వరస కార్డులు పొరలు పొరలుగా విడిపోయాయి. పై వరసలు మాత్రం బాగానే ఉన్నాయి.

ఇంత సరుకు ఎందుకు మిగిలిపోయిందని అడిగాను. "జాతరకి తెప్పించేవారు. అమ్ముడవనిది మళ్లీ జాతర దాకా అలాగే ఉండేది" అంది వదిన. బుఢీ ఠాకురాణీ జాతర ఇక్కడ రెండేళ్లకోసారి వస్తుంది. వారాల తరబడి వేషాలు, దుకాణాలు, రాత్రంతా జనం. ఆ రోజుల అమ్మకాలు చూసుకుని ఎక్కువ తెప్పించడం, మిగిలింది దాచడం ఈ ఊరి వ్యాపారంలో మామూలే. ఒకే దుకాణంలో వేరువేరు కాలాల కార్డులు కలిసి దొరకడానికి ఇదే కారణమని నాకు అనిపిస్తోంది. పండగ పండగకూ సరుకు ఖాళీ అయిపోయే పెద్ద నగరాల్లో ఇలాంటి పెట్టె దొరకడం కష్టం.

ఒక కార్డు గురించి వివరంగా రాయాలి. ముందు వైపు కుడి మూల నారింజ రంగు స్టిక్కర్, చిటికెన వేలి గోరంత. దాని మీద బాల్ పెన్నుతో ఒడియా అంకెల్లో ధర రాసి ఉంది. కింద చిన్నగా మూడు అక్షరాలు. వదిన చూసి నవ్వింది. "అది కొన్న రేటు. మావయ్యగారి కోడు" అంది. పది వేరువేరు అక్షరాలున్న మాట ఒకటి మనసులో పెట్టుకుని, ఒకటి నుంచి సున్నా దాకా ఒక్కో అంకెకు ఒక్కో అక్షరం వాడతారు. గిరాకీ ఎదుట నిలబడి బేరం చేస్తున్నా, ఎంతవరకు తగ్గొచ్చో దుకాణదారుకు ఒక్కచూపులో తెలిసిపోతుంది. ఆ మాట ఏమిటో ఆవిడ చెప్పింది. అది వాళ్ల కుటుంబానిది కాబట్టి ఇక్కడ రాయను. దాంతో ఒక్కో బొమ్మ మీద ఆయన వేసుకున్న లాభం ఎంతో నా పట్టికలోకి వచ్చింది. అచ్చయిన ధర, అమ్మిన ధర, కొన్న ధర, మూడూ ఒకే అట్ట మీద. నాకు తెలిసి కెన్నర్ కార్డుల మీద రాసిన పుస్తకాల్లో కూడా ఇలాంటి సమాచారం ఉండదు.

వైజాగులో ఉండే స్నేహితుడికి ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "ముందా స్టిక్కర్ పీకెయ్ రా. హెయిర్ డ్రయర్‌తో కొంచెం వేడి చూపిస్తే ఊడొచ్చేస్తుంది. గ్రేడింగుకి పంపావంటే దానివల్లే మార్కులు పోతాయి" అన్నాడు. వాడు చెప్పింది తప్పని అనను. గ్రేడింగు అంటే పాత బొమ్మ ఎంత బాగుందో పరిశీలించి మార్కులు వెయ్యడం; కార్డుకు, బబుల్‌కు, బొమ్మకు విడివిడిగా వేస్తారు. ధర స్టిక్కర్‌ను లోపంగా చూసేవాళ్లూ ఉంటారు. అమ్ముకునేవాడికి ఆ లెక్క ముఖ్యమే. కానీ ఈ స్టిక్కర్ పీకేస్తే ఈ కార్డు బరంపురంలో అమ్మకానికి నిలబడిందని చెప్పే ఆధారం ఇంకేదీ ఉండదు. ఎందుకంటే అట్ట దేశమంతటికీ ఒక్కటే. అందుకే ఈ ప్రాజెక్టులో ఏ స్టిక్కరూ పీకడం లేదు. పట్టికలో స్టిక్కర్‌కు వేరే గడి పెట్టాను: రంగు, చేతిరాత, ఏ భాష అంకెలు, ఎక్కడ అంటించారు.

జూన్, వానలకు ముందు

స్కానింగ్ మొదలైంది. వెనక వైపు చదునుగా ఉంటుంది కాబట్టి ఫ్లాట్‌బెడ్ మీద 600 డీపీఐలో తేలిగ్గా వస్తోంది. ముందు వైపే సమస్య. బబుల్ వల్ల అట్ట గాజుకు ఆనదు. చవక స్కానర్లలో ఉండే సెన్సర్ గాజుకు ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తుంది, కొంచెం పైకి లేస్తే మసక. కాబట్టి ముందు వైపు ఫొటోనే. టేబుల్ మీద నల్ల గుడ్డ పరిచి, కార్డుకు రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో దీపాలు పెట్టి, పైనుంచి తీస్తున్నాను. ప్రతి ఫొటోలోనూ పక్కన స్కేలు, తెల్ల కాగితం ముక్క తప్పనిసరి. తెల్ల కాగితం లేకపోతే రంగుల పోలిక అంతా వృథా, ఎందుకంటే మన కార్డుల ఎరుపుకీ అమెరికా కార్డుల ఎరుపుకీ ఉన్న తేడా దీపం వల్ల వచ్చిందో సిరా వల్ల వచ్చిందో తేల్చలేం.

ముద్రణ గురించి నాకు తెలిసింది తక్కువ. గేట్ బజార్ దగ్గర ఆఫ్‌సెట్ ప్రెస్సులో మిషన్ మీద జీవితమంతా పనిచేసి రిటైరైన మావయ్య ఒకాయన మా వీధిలోనే ఉంటాడు. కార్డు చేతికిస్తే ముందు బొమ్మ వైపు చూడనేలేదు. చిరిగిన మూల దగ్గర గోటితో తడిమి, "డూప్లెక్సు బోర్డు. లోపల బూడిద రంగు కనిపిస్తోంది చూడు. పైనా కిందా తెలుపు, మధ్యలో పాత కాగితం గుజ్జు" అన్నాడు. తర్వాత లెన్సు కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"ఏటి మావయ్యా, ఏమైనా కనిపించిందా?"

"ఇదిగో, ఈ నీలం మీద చిన్న తెల్ల ఉంగరం. మధ్యలో చుక్క. దీన్ని మేం హిక్కీ అంటాం. ప్లేటు మీదో, కాగితానికి సిరా అద్దే రబ్బరు బ్లాంకెట్టు మీదో దుమ్ము పడితే వస్తుంది. మిషన్ ఆపి తుడిచేదాకా అదే చోట పడుతూ ఉంటుంది. ఇలాంటిదే ఇంకో కార్డు మీద, సరిగ్గా ఇదే చోట ఉందనుకో, రెండూ ఒకే పూట మిషన్ మీంచి దిగినవి."

ఆ ముక్కతో నా పని దారే మారింది. కార్డులు ఒక పెద్ద షీటు మీద పక్కపక్కనే చాలా అచ్చవుతాయి, తర్వాత కోస్తారు. కాబట్టి అదే మచ్చ అదే చోట ఉన్న రెండు కార్డులు షీటు మీద కూడా ఒకే స్థానానివి అయ్యుండాలి. హిక్కీ తుడిస్తే పోతుంది, కాబట్టి అది ఒక్క పూటకే గుర్తు. ప్లేటు మీద గీత పడితే మాత్రం ఆ ప్లేటు ఉన్నంతకాలం ప్రతి కార్డు మీదా కనిపిస్తుంది. ఈ రెంటినీ వేరువేరుగా రాయాలని మావయ్య గట్టిగా చెప్పాడు. "గీతకి వేరే గడి పెట్టు, హిక్కీకి వేరే గడి పెట్టు. రెండూ కలిపేశావంటే మొత్తం గందరగోళం" అన్నాడు. పెట్టాను.

జూలై

వానలు పట్టుకున్నాయి. ఇంట్లో తేమ చూపించే చిన్న మీటరు 80 దాటి కిందికి దిగనంటోంది. అట్ట తేమ పీల్చి వంగుతుంది. బబుల్ అంచు దగ్గర అతుకు వదులుతుంది. అందుకే స్కానింగ్ ఆపి పెట్టెల పని మొదలుపెట్టాను.

ఆస్కా రోడ్డులో సైన్‌బోర్డులు చేసే షాపులో 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు కోయించాను. అతికించడానికి వాళ్లు క్లోరోఫాం వాడతారు. సిరంజితో అంచు వెంట పోస్తే షీటు అంచు కరిగి రెండూ ఒకటైపోతాయి. అతుకు కనపడదు, గట్టిగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త. ఆ వాసన పూర్తిగా పోయేదాకా పెట్టెలో కార్డు పెట్టకూడదు. ఆవిరి లోపలే ఉండిపోతే బబుల్ మసకబారుతుంది, బొమ్మ ప్లాస్టిక్ మీద సన్న పగుళ్లు వస్తాయి. కిటికీ పక్కన మూతలు తీసి రోజుల తరబడి ఆరనిచ్చాను. షాపు కుర్రాడు "ఎందుకన్నా ఇంత టెన్షన్, గంటలో ఆరిపోతుంది" అన్నాడు గానీ, బోర్డుకు సరిపడే ఆరుదల పాతికేళ్ల నాటి ప్లాస్టిక్‌కు సరిపోదు.

పెట్టెలో అడుగున సిలికా జెల్ సంచి. మామూలు మెత్తటి పీవీసీ కవర్లలో మాత్రం కార్డులు పెట్టొద్దు. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనె లాంటి పదార్థం కాలం గడిచేకొద్దీ బయటికి వచ్చి బబుల్‌కు అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి, బజారులో చొక్కాలు ప్యాక్ చేసే గలగలలాడే కవర్లు చాలావరకు అవే.

జి.ఐ. జో బొమ్మల నడుములో ఒక రబ్బరు రింగు ఉంటుంది. మొండెం, కాళ్లు రెంటినీ పట్టి ఉంచేది అదే. కొన్ని కార్డుల్లో ఆ రింగు గట్టిపడి తెగిపోయి, సీలు విప్పకుండానే బబుల్ లోపల బొమ్మ రెండు ముక్కలైంది. బాగుచెయ్యాలంటే బబుల్ తెరవాలి. తెరవను. రాసుకుని పక్కన పెట్టాను.

ఆగస్టు

ఈ నెలంతా కాలం తేల్చే పని మీదే ఉన్నాను. ఇంతవరకు చేసినదానిలో ఇదే అసలైన పని.

మొదట ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. బొమ్మ ఒంటి మీద అచ్చులో పడిన కాపీరైట్ సంవత్సరాన్ని బట్టి ఎవరూ కాలం చెప్పకండి. అది ఆ అచ్చు తయారైన నాటిది. హాస్‌బ్రో 1980ల నడుమ చేసిన అచ్చుతో ఇక్కడ 1990లలో బొమ్మలు తీశారు. వీపు మీద 1985 అని చూసి "1985 నాటి అరుదైన ఇండియన్ బొమ్మ" అని రేటు పెంచి అమ్మేవాళ్లు ఎదురవుతుంటారు. ఫన్‌స్కూల్ మొదలైందే 1987లో అని గుర్తుంచుకుంటే చాలు.

కాలం చెప్పేది అట్టే. మన దేశపు కార్డు మీద విదేశీ కార్డుల మీద లేనివి కొన్ని ఉంటాయి. 1977 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, ధర ప్యాకెట్టు మీద ఉండాల్సి ఉండేది. ధర ఎలా రాయాలన్నదాంట్లో 1990 దాకా రెండు దారులుండేవి. అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర వెయ్యొచ్చు, లేదా ధర వేసి స్థానిక పన్నులు అదనం అని రాయొచ్చు. 1990లో చేసిన సవరణతో అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర తప్పనిసరి అయింది. కాబట్టి కార్డు మీద "పన్నులు అదనం" అన్న అర్థంలో ఇంగ్లీషు మాట ఉంటే అది పాత పద్ధతిది.

సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది ఉత్త చట్టం ముక్క కాదు. బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్య పాతిక కిలోమీటర్లు ఉంటాయేమో. ఇటు ఒడిశా అమ్మకం పన్ను, అటు ఆంధ్ర అమ్మకం పన్ను. పన్నులు అదనం అని రాసిన కార్డు రెండు ఊళ్లలోనూ ఒకే అచ్చు ధరతో వచ్చినా, కొనేవాడు ఇచ్చే మొత్తం వేరు కావచ్చు. అట్ట ఒక్కటే కాబట్టి ఆ తేడా కనిపించేది దుకాణం స్టిక్కర్ మీదే. నా దగ్గర ఒకే బొమ్మ కార్డులు రెండున్నాయి. ఒకటి పెద్దబజారు పెట్టెలోది, ఇంకోటి ఇచ్ఛాపురంలో మా పిన్నిగారింటి పక్కవాళ్లిచ్చింది. రెండింటి మీదా అచ్చు ధర ఒకటే, స్టిక్కర్ ధరల్లో కొద్దిపాటి తేడా. ఆ తేడా అంతా పన్నుదే అని నేను చెప్పను, రవాణా ఖర్చు, దుకాణదారు లాభం కూడా ఉంటాయి. కానీ ప్రాంతాన్ని బట్టి ప్యాకింగులో వచ్చే తేడా అని ప్రపంచమంతా దేశాల గురించి మాట్లాడుతుంటే, ఇక్కడ ఇచ్ఛాపురం గేటుకు ఇటూ అటూ కూడా ఆ తేడా ఉందని ఈ రెండు స్టిక్కర్లు చెబుతున్నాయి. వైజాగు స్నేహితుడికి ఈ జంట ఫొటో పంపాను. ఈసారి పీకమనలేదు.

తర్వాతి ఆధారం చిరునామా. బొంబాయి 1995లో ముంబయి అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. కార్డు మీద చెన్నై అని ఉంటే అది 1996కు ముందుది కానే కాదు. మద్రాసు అని ఉంటే మాత్రం అంత గట్టిగా చెప్పలేం. అచ్చయిన అట్టలు వేల సంఖ్యలో గోడౌనులో ఉండగా పేరు మారిందని ఎవరూ పారెయ్యరు, అయిపోయేదాకా వాడతారు. కొత్త పేరు గట్టి సాక్ష్యం, పాత పేరు బలహీన సాక్ష్యం. ఈ తేడా పట్టికలో కనిపించేలా రెండు రంగులు పెట్టాను.

బార్‌కోడ్ కూడా అంతే. మన దేశంలో తీసుకున్న కోడ్ 890తో మొదలవుతుంది. ఇక్కడ ఆ సంఖ్యలు కేటాయించే సంస్థ 1996లో ఏర్పడింది. కాబట్టి 890 ఉన్న కార్డు 1990ల చివరిదో ఆ తర్వాతదో. బార్‌కోడే లేకపోతే ఏమీ తేలదు.

అన్నిటికన్నా విలువైనది నెల ముద్ర. అచ్చులో రాదు, ప్యాక్ చేసేటప్పుడు రబ్బరు స్టాంపుతో వేస్తారు. అందుకే వెలిసిపోతుంది. టార్చి లైటును అట్టకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేస్తే సిరా పోయినా ఒత్తిడి గుర్తు కొన్నిసార్లు నీడలా కనిపిస్తుంది. చాలా కార్డుల మీద ఇలాగే చదివాను.

ఒక కార్డు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. దుకాణం స్టిక్కర్ సరిగ్గా నెల ముద్ర మీదే అంటించి ఉంది. సంవత్సరం చివరి అంకె ఒక్కటే బయటికి కనిపిస్తోంది. పీకితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పీకకూడదని నియమం. అట్ట మందం వల్ల వెనక నుంచి లైటు వేసినా ఏమీ కనపడలేదు. ఇక్కడే మావయ్య చెప్పిన హిక్కీ అక్కరకొచ్చింది. ఈ కార్డు మీద, బొమ్మ పేరు మొదటి అక్షరానికి కాస్త పైన, నీలంలో ఒక తెల్ల ఉంగరం ఉంది. మిగతా కార్డుల స్కాన్లన్నీ తెరిచి అదే చోట వెతికాను. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక కార్డు మీద, మిల్లీమీటరు కూడా తేడా లేకుండా, అదే ఉంగరం. దాని మీద నెల ముద్ర శుభ్రంగా ఉంది, సంవత్సరం చివరి అంకె కూడా కలిసింది. ఆ రాత్రి మావయ్యను లేపి మరీ చూపించాను.

ఆయన సంతోషించాడు గానీ ఒక మాట అన్నాడు. "అచ్చు ఒక పూటే అయ్యింది రా, అంతవరకు నిజం. ప్యాకింగు ఒకే నెలలో అయ్యిందని ఎలా చెప్తావ్? అట్టలు కట్టలు కట్టి పెడతారు, ఆర్డరొచ్చినప్పుడు తీస్తారు." అది నిజమే. అందుకే ఆ గడిలో నెల రాయలేదు. ఏ కార్డుతో జత కలిసిందో రాసి, ఆ కార్డు ముద్ర ఏమిటో పక్కన పెట్టాను. చదివేవాళ్లు ఎంతవరకు నమ్మాలో వాళ్లే తేల్చుకోవచ్చు.

పెట్టె అడుగున రెండు బిల్లు పుస్తకాలు కూడా దొరికాయి. వాటి మీద పాత ఒడిశా అమ్మకం పన్ను నంబరుంది. 2005 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ వ్యాట్ వచ్చింది కాబట్టి బిల్లులు అంతకుముందువి. కొన్ని సరుకు బిల్లులు కలకత్తా హోల్‌సేలర్లవి, కొన్ని మద్రాసువి. హౌరా, మద్రాసు మధ్య రైలు దారిలో ఉన్న ఊరు కదా, రెండు వైపుల నుంచీ సరుకు దిగేది. కలకత్తా నుంచి వచ్చిన లాట్‌కూ మద్రాసు నుంచి వచ్చిన లాట్‌కూ కార్డుల్లో తేడా ఏమైనా ఉందా అన్నది చూడాలి.

సెప్టెంబరు

నకిలీల గురించి కొద్దిగా. పాత కార్డును స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో తీసి, విడి బొమ్మను పెట్టి కొత్త బబుల్ అతికిస్తారు. లెన్సు పెడితే పట్టేయొచ్చు. ఆఫ్‌సెట్ ముద్రణలో నాలుగు రంగుల చుక్కలు ఒక క్రమంలో పువ్వు రేకుల్లా కూడుకుని ఉంటాయి. ఇంక్‌జెట్‌లో చుక్కలు చెదురుమదురుగా చల్లినట్టు ఉంటాయి. అక్షరాల అంచులు కూడా చూడండి. అసలు కార్డులో నల్ల అక్షరం గట్టిగా, ఒకే సిరాతో ఉంటుంది. స్కాన్ చేసి తీసినదాంట్లో నల్ల అక్షరంలో కూడా రంగు చుక్కలు కలిసిపోయి ఉంటాయి. అల్ట్రావయొలెట్ టార్చి మీద మరీ ఆధారపడకండి. కాగితానికి తెల్లదనం ఇచ్చే రసాయనాలు ఆ రోజుల్లోనూ వాడేవాళ్లు, కాబట్టి వెలిగినంత మాత్రాన నకిలీ అయిపోదు.

పోల్చడానికి కెనడా జి.ఐ. జో కార్డు ఒకటి, అమెరికాది ఒకటి స్నేహితుడి దగ్గర అరువు తెచ్చాను. అమెరికా కార్డు వెనక ఫ్లాగ్ పాయింట్లు ఉన్నాయి. కత్తిరించి పోగుచేసి పోస్టులో పంపితే బొమ్మలొచ్చేవి. అందుకే అక్కడి పాత కార్డులు చాలావాటికి వెనక కిటికీ కోసినట్టు చిల్లులుంటాయి. బొమ్మ వివరాల ఫైల్ కార్డు మూడింటి మీదా ఉంది. కెనడా దాంట్లో ఆ చిన్న చోటులోనే రెండు భాషలూ ఇరికించాల్సి వచ్చింది, అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. మన కార్డు ఇంగ్లీషు ఒక్కటే పెట్టుకుని ఆ చోటు మిగుల్చుకుంది గానీ, ధర, చిరునామా, నెల అన్నీ ఇంకో మూల సర్దాల్సి వచ్చింది. ఏ దేశపు చట్టం ఎంత చోటు అడిగిందో స్కేలు పెట్టి కొలవొచ్చు. ఇప్పుడు కొలుస్తున్నాను కూడా. ప్రతి కార్డు వెనక, చట్టం కోసం రాసిన గడి వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో.

అప్పట్లో ఈ బొమ్మలను ఇక్కడే తయారుచేయడానికి ఇంకో కారణమూ ఉంది. వినియోగ వస్తువుల దిగుమతుల మీద ఆంక్షలు 1991 సంస్కరణల తర్వాత కూడా చాలాకాలం మిగిలాయి. చివరి విడత 2001 ఏప్రిల్ 1న ఎత్తేశారు. తయారైన బొమ్మ తేవడం కష్టం కాబట్టి బొమ్మ పోసే అచ్చు వచ్చింది. అచ్చు వచ్చింది కాబట్టి అట్ట కూడా ఇక్కడే అచ్చయింది. ఆంక్షలు లేకపోతే మన చేతికి బహుశా హాంకాంగులోనో చైనాలోనో ప్యాక్ చేసిన కార్డు మీద ధర స్టిక్కర్ ఒకటి అంటించి వచ్చేది.

దసరాకు ముందు

ఇప్పటికి పట్టికలో ఉన్న గడులు ఇవి: అట్ట పొడవు, వెడల్పు, మందం, వేలాడదీసే రంధ్రం ఆకారం, ఆ రంధ్రంలోని అట్టముక్క తీశారా లేదా, ధర వాక్యం, చిరునామా, నెల ముద్ర, అది ఎలా చదివామో, బార్‌కోడ్, ప్లేటు గీతలు, హిక్కీలు, దుకాణం స్టిక్కర్, ఎక్కడ దొరికింది. ధర వాక్యం, చిరునామా, నెల ముద్ర మూడూ కలిసి ఒకే కాలాన్ని చెప్పినప్పుడే సంవత్సరం రాస్తున్నాను. రెండే ఉంటే "అప్పటి నుంచి అప్పటి లోపు" అని రాస్తున్నాను. ఒక్కటే ఉంటే ఖాళీ వదిలేస్తున్నాను. ఖాళీలు చాలా ఉన్నాయి, ఉండనివ్వండి.

గుణుపురంలో ఒక స్టేషనరీ షాపు వాళ్ల దగ్గర హీ-మ్యాన్ కార్డులున్నాయని తెలిసింది. వాళ్లు అమ్మరు, ఫొటోలు తీసుకోనిస్తామన్నారు. అదే చాలు. దీపాలు, నల్ల గుడ్డ, స్కేలు అన్నీ ఒక సంచిలో సర్దుతున్నాను. మావయ్య కూడా వస్తానంటున్నాడు, లెన్సు ఆయన చేతిలోనే ఉండాలట. ఈలోగా శ్రీకాకుళం, రాయగడ, కోరాపుట్ వైపు ఎవరి ఇంట్లోనైనా దుకాణం స్టిక్కర్‌తో ఉన్న పాత కార్డు ఉంటే, స్టిక్కర్ తియ్యకుండా, పక్కన స్కేలు పెట్టి ముందూ వెనకా ఫొటో తీసి ఉంచండి. వెనక వైపు ఫొటోలో నెల ముద్ర ఉండే మూల తప్పకుండా పడాలి, టార్చి పక్కనుంచి వేసి.